విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల సీఎస్‌ఈ సీటు: అర్హత నుంచి కాలేజీలో చేరేదాకా

ఇంట్లో ఇంటర్ ఎంపీసీ చదివే పిల్లలుంటే మే నెల నుంచి ఆగస్టు దాకా ఒకటే మాట: సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) వస్తుందా రాదా. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష పేరు 2021లోనే ఈఏపీసెట్‌గా మారినా బెంజి సర్కిల్‌లోనైనా బ్రాడీపేటలోనైనా జనం ఇప్పటికీ ఎంసెట్ అనే అంటారు, ఇక్కడా అలాగే రాస్తున్నాం. మంచి ర్యాంకు వచ్చాక కూడా కాగితాల దగ్గరో వెబ్ ఆప్షన్ల దగ్గరో సీటు పోగొట్టుకునేవాళ్లు ఏటా ఉంటారు. అందుకే పరీక్ష గురించి కొంచెం, దాని తర్వాత జరిగే తంతు గురించి ఎక్కువ చెబుతాం.

ముందు ఏ దారో తేల్చుకోండి

కంప్యూటర్ డిగ్రీ అనగానే బీటెక్ ఒక్కటే కాదు గానీ, ఎక్కువమంది వెళ్లేది అటే. మన దగ్గర బీటెక్‌కు మూడు దారులున్నాయి.

మొదటిది ఎంసెట్ ర్యాంకుతో కన్వీనర్ కోటా, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీట్లు. గుంటూరు చౌడవరంలో ఆర్‌వీఆర్ అండ్ జేసీ, కానూరులో పీవీపీ సిద్ధార్థ, మైలవరంలో లకిరెడ్డి బాలిరెడ్డి కాలేజీ వంటివి ఈ దారిలో వస్తాయి. ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్‌వి, మిగతా 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా, అంటే బి కేటగిరీ.

రెండోది డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు. వడ్డేశ్వరంలో కేఎల్, వడ్లమూడిలో విజ్ఞాన్ డీమ్డ్ యూనివర్సిటీలు. వాటికి సొంత ప్రవేశ పరీక్షలు, సొంత ఫీజులు. అమరావతి ప్రాంతంలోని వీఐటీ ఏపీ, ఎస్‌ఆర్‌ఎం ఏపీ రాష్ట్ర చట్టం కింద వచ్చిన ప్రైవేటు యూనివర్సిటీలు. చాలామందికి తెలియని సంగతేమిటంటే, ఈ ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో, ప్రభుత్వం ఖరారు చేసిన ఫీజుకే ఇస్తారు. అదే క్యాంపస్, అదే క్లాసు, ఫీజు మాత్రం చాలా తేడా. వాళ్ల సొంత పరీక్ష రాసి లక్షలు కట్టే ముందు ఎంసెట్ ర్యాంకుతో అక్కడ సీటు వచ్చే వీలుందేమో చూసుకోవాలి.

మూడోది జేఈఈ మెయిన్, ఆ తర్వాత జోసా (ఐఐటీలు, ఎన్‌ఐటీలకు కలిపి జరిగే) కౌన్సెలింగ్. తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీలో సగం సీట్లు రాష్ట్రంవాళ్లకే. అయితే ఇంటర్లో 75 శాతం మార్కులు గానీ, బోర్డులో పైనున్న 20 పర్సంటైల్‌లో చోటు గానీ ఉండాలి (ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం). ఇక్కడొక మెలిక ఉంది. జేఈఈలో సొంత రాష్ట్రం అంటే పన్నెండో తరగతి పాసైన రాష్ట్రం. పుట్టింది తెనాలిలో అయినా ఇంటర్ హైదరాబాద్‌లో చదివితే ఎన్‌ఐటీ లెక్కలో తెలంగాణ విద్యార్థే. ఎంసెట్ లోకల్ లెక్క వేరు, దాన్ని కింద విడిగా చెబుతాం.

అర్హత

ఇంటర్లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ఉండాలి. ఈ మూడు గ్రూపు సబ్జెక్టుల్లో ఓసీలకు 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం మార్కులు కావాలి. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 16 ఏళ్లు నిండాలి. ఒకేషనల్ చదివినవాళ్లు బ్రిడ్జి కోర్సు పాసై ఉండాలి. బైపీసీవాళ్లకు ఎంసెట్ ద్వారా సీఎస్‌ఈ దారి లేదు, ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే నమ్మొద్దు. వాళ్లకు బీసీఏ ఉంది.

పరీక్ష, ర్యాంకు లెక్క

160 ప్రశ్నలు, మూడు గంటలు. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. అంటే ప్రశ్నకు 67 సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలొద్దు. చివరి ఐదు నిమిషాలు మిగిలినవన్నీ గుర్తించడానికే పెట్టుకోవాలి. కొంతమంది జేఈఈ అలవాటు కొద్దీ తెలియనివి వదిలేస్తారు. ఆ అలవాటు ఇక్కడ నష్టం. అర్హతకు 160లో 40 మార్కులు చాలు, ఎస్సీ ఎస్టీలకు ఆ నిబంధన కూడా లేదు.

ర్యాంకులో 75 శాతం ఎంసెట్‌ది, 25 శాతం ఇంటర్ గ్రూపు మార్కులది. కరోనా రోజుల్లో ఇంటర్ వెయిటేజీ తీసేశారు, 2023 నుంచి మళ్లీ పెట్టారు. లెక్క ఇలా వేసుకోండి: ఎంసెట్ మార్కులను (వేర్వేరు పూటల ప్రశ్నపత్రాల తేడా సరిచేశాక వచ్చినవి) 160తో భాగించి 75తో గుణించాలి. ఇంటర్ గ్రూపు మార్కులను 600తో భాగించి 25తో గుణించాలి. రెండూ కలపాలి.

ఒకరికి ఎంసెట్‌లో 90, ఇంటర్ గ్రూపులో 560 వచ్చాయనుకుందాం. 42.19, 23.33 కలిపి 65.52. ఎంసెట్‌లో అదే 90 తెచ్చుకుని ఇంటర్లో 480 దగ్గర ఆగినవాళ్లకు వచ్చేది 62.19. ఆ లోటు పూడ్చుకోవాలంటే ఎంసెట్‌లో ఇంకో 7 మార్కులు పైగా రావాలి. మధ్య ర్యాంకుల దగ్గర ఒక్కో మార్కు మీద వందల మంది నిలబడి ఉంటారు కాబట్టి ఆ ఏడు మార్కులు వేల ర్యాంకుల తేడా తెస్తాయి. అలాగని ఇంటర్ పిచ్చిలో పడనక్కర్లేదు. ఎంసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్లో 11 మార్కులకు సమానం. మొదటి ఏడాది మార్కులు బాగా తగ్గితే ఇంప్రూవ్‌మెంట్ రాయండి. పదీ ఇరవై మార్కులకైతే ఆ సమయం ఎంసెట్‌కు పెట్టడమే మేలు.

సీబీఎస్‌ఈ, ఐసీఎస్‌ఈ, ఓపెన్ స్కూల్ పిల్లల మార్కులు ఎంసెట్‌వాళ్ల దగ్గర వాటంతటవి చేరవు. వెబ్‌సైట్‌లో అప్‌లోడ్ చేయాలి. అది మరిచిపోతే ఫలితాల రోజు మార్కులు కనిపిస్తాయి, ర్యాంకు కనిపించదు. ఏటా జరిగేదే ఇది.

దరఖాస్తు చేసేటప్పుడు మొబైల్ నంబరు, మెయిల్ సొంతవే ఇవ్వండి. నెట్ సెంటర్ అబ్బాయి తన నంబరు కొట్టేస్తే రెండు నెలల తర్వాత ఓటీపీ అతని ఫోనుకే పోతుంది. పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉండి మెమోలో పూర్తిగా ఉంటే ఆధార్‌ను ముందే సరిచేయించుకోండి.

లోకల్, నాన్ లోకల్

ఈ భాగం ఎవరూ చదవరు. దెబ్బ తగిలేది మాత్రం ఎక్కువగా ఇక్కడే.

రాష్ట్రంలో ప్రవేశాలకు రెండు ప్రాంతాలున్నాయి: ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతం, శ్రీవెంకటేశ్వర యూనివర్సిటీ ప్రాంతం. జనం ఏయూ, ఎస్‌వీయూ అంటారు. శ్రీకాకుళం నుంచి పాత ప్రకాశం జిల్లా దాకా ఏయూ. నెల్లూరు, రాయలసీమ ఎస్‌వీయూ. 2022లో జిల్లాలు విడిపోయినా ఈ గీత పాత జిల్లాల ప్రకారమే. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో 85 శాతం సీట్లు ఏయూ లోకల్‌వాళ్లకు, మిగతా 15 శాతం రెండు ప్రాంతాలవాళ్లూ పోటీపడే అన్‌రిజర్వ్‌డ్.

లోకల్ ఎవరన్నది పుట్టిన ఊరును బట్టి కాదు, చదివిన ఊరును బట్టి తేలుస్తారు. ఇంటర్ రెండో ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఒకే ప్రాంతంలో చదివితే అక్కడి లోకల్. అలా కుదరకపోతే, ఆరు నుంచి ఇంటర్ దాకా ఏడేళ్లూ రాష్ట్రంలోనే చదివి ఉంటే, అందులో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో అక్కడి లోకల్.

కర్నూలులో పది దాకా చదివి, పోరంకి హాస్టల్‌లో ఇంటర్ చదివిన అబ్బాయిని తీసుకోండి. వరస నాలుగేళ్లంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. అవి రెండు ప్రాంతాల్లో ఉన్నాయి. ఏడేళ్లు చూస్తే ఐదు కర్నూలులో, రెండు విజయవాడలో. కాబట్టి అతను ఎస్‌వీయూ లోకల్, విజయవాడ కాలేజీల్లో 15 శాతం సీట్లకే పోటీ. అదే అబ్బాయి తొమ్మిదో తరగతికే విజయవాడ వచ్చి ఉంటే ఏయూ లోకల్ అయ్యేవాడు.  ఇది రుజువు కావాలంటే ఆరు నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏడాదికీ స్టడీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి.

కాగితాలు, వాటి గడువులు

ఫలితాలు వచ్చాక కాగితాల కోసం పరిగెత్తితే సర్వర్ మొరాయిస్తుంది, తహసీల్దార్ సెలవులో ఉంటారు. ఏప్రిల్‌లోనే మొదలుపెట్టండి.

ఎంసెట్ హాల్‌టికెట్, ర్యాంకు కార్డు, పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, ఆధార్ అందరికీ కావాలి. మూసేసిన బడిలో చదివి ఉంటే స్టడీ సర్టిఫికెట్ కోసం మండల విద్యాశాఖాధికారి కార్యాలయంలో అడగాలి. దానికి వారాలు పట్టొచ్చు, దీన్ని అన్నిటికంటే ముందు చూసుకోండి.

కుల ధ్రువీకరణ పత్రం సచివాలయంలో దరఖాస్తు చేస్తే వస్తుంది. ఎస్సీ వర్గీకరణ 2025లో వచ్చాక 15 శాతం కోటా మూడు గ్రూపులుగా విడిపోయింది కాబట్టి, పత్రంలో ఉపకులం పేరు స్పష్టంగా ఉందో లేదో చూసుకోండి. బీసీల్లో ఏ, బీ, సీ, డీ, ఈ అక్షరం తప్పుపడినా సీటు లెక్క మారిపోతుంది.

ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. జనవరిలో తీసుకున్నది మార్చి 31తో అయిపోయి, జులై కౌన్సెలింగ్‌కు పనికిరాకుండా పోతుంది. ఏప్రిల్ 1 తర్వాతే తీసుకోండి. ఇది ఓసీల్లో కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు. ఈ కోటా 10 శాతం సీట్లు కాలేజీ అసలు సీట్లకు అదనంగా ఇచ్చేవి, చాలా కాలేజీల్లో దీని చివరి ర్యాంకు ఓసీ కంటే కింద ఉంటుంది. అర్హత ఉండి కూడా తీసుకోనివాళ్లు అనవసరంగా నష్టపోతున్నారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ ధ్రువీకరణ పత్రం గానీ రైస్ కార్డు గానీ కావాలి. ఆదాయ పరిమితి ఏడాదికి రెండున్నర లక్షలు.

ప్రతి కాగితాన్నీ విడివిడిగా స్కాన్ చేసి, ఫోన్లో ఒక ఫోల్డరులో, మెయిల్లో ఒక కాపీ పెట్టుకోండి. నీడ పడిన ఫోటోలు వెరిఫికేషన్‌లో తిరగ్గొడతారు.

కౌన్సెలింగ్ మొదలయ్యాక

ప్రాసెసింగ్ ఫీజు ఓసీ, బీసీలకు 1200 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 600. కట్టగానే మీ వివరాలు ప్రభుత్వ డేటా నుంచి తెర మీదికొస్తాయి. కులం, లోకల్ ప్రాంతం, ఆదాయం, ఈడబ్ల్యూఎస్ ఒక్కొక్కటీ చూడండి. సరిపోతే ఇంటి నుంచే పని అయిపోతుంది. ఏదైనా తేలకపోతే కాగితం అప్‌లోడ్ చేయాలి, అప్పటికీ తేలకపోతే హెల్ప్‌లైన్ సెంటర్‌కు ఒరిజినల్స్‌తో వెళ్లాలి. ఏయే కాలేజీల్లో సెంటర్లున్నాయో ఏటా నోటిఫికేషన్‌తో పాటు ఇస్తారు. ఆఖరి రోజున వెళ్తే సాయంత్రం దాకా లైన్లోనే.

వెరిఫికేషన్ పూర్తయిందని తెర మీద కనిపించేదాకా వెబ్ ఆప్షన్లు తెరుచుకోవు. "ఎస్ఎంఎస్ వస్తుందిలే" అని కూర్చోకుండా రోజుకోసారి లాగిన్ అయి చూడండి.

చివరి ర్యాంకుల పట్టిక చదవడం

గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో చెప్పే పట్టిక కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. దాన్ని చదివేటప్పుడు నాలుగు విషయాలు సరిపోల్చాలి: ప్రాంతం, కేటగిరీ, అబ్బాయిలా అమ్మాయిలా, బ్రాంచి. అమ్మాయిలకు మూడో వంతు సీట్లు కేటాయించి ఉంటాయి కాబట్టి వాళ్ల కాలమ్ వేరు. పక్కింటి అమ్మాయికి బీసీ-డీలో వచ్చిన సీటు చూసి ఓసీ అబ్బాయి ఆశ పెట్టుకుంటే లాభం లేదు.

బ్రాంచి కోడ్‌లు కూడా చూడండి. సీఎస్‌ఈ మామూలు కంప్యూటర్ సైన్స్, సీఎస్‌ఎం ఏఐ ఎంఎల్, సీఎస్‌డీ డేటా సైన్స్, ఐఎన్‌ఎఫ్ ఐటీ. మా అభిప్రాయం అడిగితే, వీటి మధ్య తేడా మీద నిద్ర పాడు చేసుకోవద్దు. మొదటి రెండేళ్లలో సబ్జెక్టులు దాదాపు ఒకటే. మంచి కాలేజీలో ఐటీ వస్తుంటే, దాన్ని వదిలి ఓ మోస్తరు కాలేజీలో సీఎస్‌ఈ తీసుకోవడం తెలివైన పని కాదు. అంతకంటే ముఖ్యంగా అడగాల్సింది సెక్షన్ల సంఖ్య. ఒక్కో బ్రాంచికి ఇన్ని సీట్లే ఉండాలన్న పరిమితిని ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) 2024-25 నుంచి ఎత్తేసింది, కొన్ని కాలేజీల్లో సీఎస్‌ఈ సెక్షన్లు బాగా పెరిగాయి. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు అన్నది ఏఐసీటీఈ లెక్క. క్యాంపస్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఏసీ సెమినార్ హాలు చూసి మురిసిపోకుండా, ల్యాబులో ఒక బ్యాచికి ఎన్ని సిస్టమ్‌లు పనిచేస్తున్నాయో రెండో ఏడాది పిల్లలను అడగండి.

వెబ్ ఆప్షన్లు

కంప్యూటర్ ర్యాంకుల వరసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. మీ వంతు వచ్చినప్పుడు మీ జాబితాలో ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టి, ఖాళీ ఉన్న మొదటి సీటు ఇచ్చి ఆగిపోతుంది. కింద ఏముందో చూడదు. దీన్నిబట్టి ఒకటే నియమం: ఎక్కువ ఇష్టమైనది పైన, తక్కువ ఇష్టమైనది కింద. "పై కాలేజీ ఎలాగూ రాదు, మొదటి నంబరు వృథా" అనుకుని, వచ్చే కాలేజీని పైన పెట్టేవాళ్లున్నారు. రాని కాలేజీని పైన పెడితే పోయేదేమీ లేదు. వచ్చేదాన్ని పైన పెడితే దానికంటే మంచిది దక్కే అవకాశం మీరే తీసేసుకున్నట్టు.

ముందు తెల్లకాగితం మీద వరస రాసుకోండి. 20 వేల ర్యాంకు వచ్చిందనుకుంటే, మీ కాలమ్‌లో గత ఏడాది 10 వేల దగ్గర ఆగినవాటి నుంచి 40 వేల దగ్గర ఆగినవాటి దాకా అన్నీ జాబితాలో ఉండాలి. పది ఆప్షన్లతో ఆపేసి ఏ సీటూ రాక రెండో విడత దాకా కూర్చునేవాళ్లను చూస్తుంటాం. ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు, నలభై యాభై పెట్టండి. అయితే చేరడం అసలు ఇష్టం లేని కాలేజీని మాత్రం పెట్టొద్దు. కాలేజీ కోడ్ చూసి పెట్టండి, ఒకే యాజమాన్యం కింద దాదాపు ఒకే పేరుతో రెండు మూడు కాలేజీలుంటాయి. రోజూ ప్రయాణం చేసేవాళ్లయితే దూరం కూడా లెక్కే: విజయవాడ నుంచి మైలవరం, గుంటూరు నుంచి కానూరు బస్సులో వెళ్లిరావడం నాలుగేళ్లపాటు చేసే పని.

సేవ్ చేశాక ప్రింట్ తీసుకుని, కాగితం మీది వరసతో ఒక్కొక్కటీ సరిచూడండి. ఆప్షన్లు మార్చుకోవడానికి ఒక రోజు ఇస్తారు, ఆ తర్వాత మారవు. పాస్‌వర్డ్ కన్సల్టెన్సీ వాళ్లకు గానీ, "ఆప్షన్లు మేమే ఉచితంగా పెడతాం" అని ఇంటికొచ్చే కాలేజీ మనుషులకు గానీ ఇవ్వొద్దు. వాళ్లు మొదటి నంబరులో ఏ కాలేజీ పెడతారో ఊహించడం కష్టం కాదు.

సీటు వచ్చాక

అలాట్‌మెంట్ వచ్చిందని ఊరుకుంటే సీటు మీది కాదు. రెండు పనులు చేయాలి: ఆన్‌లైన్లో సెల్ఫ్ రిపోర్టింగ్, గడువులోగా కాలేజీకి వెళ్లి రిపోర్ట్ చేయడం. ఏ ఒక్కటి తప్పినా సీటు రద్దు.

రెండో విడతలో ఇంకా మంచిది వస్తుందేమో చూడొచ్చు. కానీ రెండో విడతలో సీటు వస్తే మొదటి సీటు దానంతటదే పోతుంది, వెనక్కి తెచ్చుకునే దారి లేదు. కాబట్టి చేతిలో ఉన్నదానికంటే నిజంగా మేలైనవే ఆ విడతలో పెట్టాలి. కౌన్సెలింగ్‌లో మిగిలిన సీట్లకు కాలేజీలు స్పాట్ అడ్మిషన్లు పెడతాయి. అందులో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు, మేనేజ్‌మెంట్ కోటాకూ రాదు. ఆ ఫీజు నాలుగేళ్లకు ఎంతవుతుందో ముందే లెక్కేసుకోండి. ఏ కోటాలో చేరినా, కట్టిన ప్రతి రూపాయికీ కాలేజీ పేరుతో రసీదు తీసుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ చూసి తిరిగి ఇచ్చేయాలి, తన దగ్గర ఉంచుకోకూడదన్నది ఏఐసీటీఈ నియమం. గడువులోగా మానుకుంటే ప్రాసెసింగ్ కింద వెయ్యి రూపాయలకు మించకుండా పట్టుకుని మిగతా ఫీజు వెనక్కివ్వాలి. ఇవ్వకపోతే ఏఐసీటీఈ పోర్టల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, నోటి మాటతో పనులు కావు.

ఎంసెట్ కుదరనివాళ్లకు

పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. 200 ప్రశ్నల్లో సగం సొంత బ్రాంచి నుంచి, మ్యాథ్స్ 50, ఫిజిక్స్, కెమిస్ట్రీ చెరి 25. సీట్లు తక్కువ, పోటీ కూడా ఎంసెట్ అంత కాదు.

బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్‌కు ప్రవేశ పరీక్ష అక్కర్లేదు. విజయవాడలో ఆంధ్ర లయోలా, పీబీ సిద్ధార్థ, గుంటూరులో హిందూ కాలేజీ, జేకేసీ వంటి డిగ్రీ కాలేజీలకు ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్లు నడుపుతుంది. అక్కడా ఆప్షన్ల వరస సూత్రం ఇదే. డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసి రెండేళ్ల ఎంసీఏ చేయొచ్చు. బీటెక్ మేనేజ్‌మెంట్ సీటుకు అప్పు చేయాల్సిన ఇంట్లో ఈ దారిని చిన్నచూపు చూడక్కర్లేదు. మొత్తం ఐదేళ్లు పడుతుంది గానీ ఖర్చులో చాలా తేడా.

పదో తరగతి పిల్లలున్న ఇళ్లవాళ్లకు ఇంకో మాట. నూజివీడు ట్రిపుల్ ఐటీ ప్రవేశాలు ఇంటర్ తర్వాత కాదు, పది అవగానే జరుగుతాయి. ఆరేళ్ల కోర్సు, పది మార్కుల మీదే ఎంపిక. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు అదనంగా 4 శాతం మార్కులు కలుపుతారు. ఆ నోటిఫికేషన్ దాటిపోతే ఇంటర్ మధ్యలో చేరడం కుదరదు కాబట్టి పది ఫలితాల వారం నుంచే వెబ్‌సైట్ చూస్తూ ఉండండి.